రెండు కళ్ళకు రెండు రకాలు

ధర్మవరంలో నాకు కళ్ళద్దాలిచ్చే అంగడి పెద్దాయన శుక్రవారం పొద్దున పోయారు. షట్టరు సగం ఎత్తి అక్కడే కూలబడ్డారని పక్క ఎస్టీడీ బూతు అతను వచ్చి చెప్పాడు. అప్పటినుంచి నాకు కుదురు లేదు. మగ్గంలో కాసేపు కూర్చుంటాను, లేచి వీధిలోకి పోతాను, మళ్ళీ వస్తాను.

నాది మైనస్ ఏడు దాటిన చూపు. చెమటకు కళ్ళద్దాలు ముక్కు మీద నిలిచేవి కావు. ఒకసారి జారి పడుగు మీద పడి ముప్పై పోగులు తెగాయి. అవి అతికేసరికి ఒక పూట గడిచింది. ఆ కోపంలోనే పెద్దాయన దగ్గరికి పోయాను. మెత్తని కాంటాక్ట్ లెన్సులు మా ఊరికి అప్పుడప్పుడే వస్తున్నాయి.

ఆయన పద్ధతి వేరు. ఒక్కో కంటికి ఒక్కో రకం పెట్టేవారు, ఏది ఏదో చెప్పేవారు కాదు. ఆయనకూ చూపు తక్కువే. ప్రతి రకాన్నీ ముందు తానే పెట్టుకుని, మిట్టమధ్యాహ్నం ఎదురుగాలిలో మోపెడ్ మీద బత్తలపల్లె దాకా పోయి వచ్చేవారు.

"పొద్దంతా మగ్గంలో కూర్చోప్పా. ఏ కన్ను ముందు గుర్తొచ్చెనో సాయంత్రం వచ్చి చెప్పు. బాగుండే లెన్సు గుర్తుకే రాదు."

కుడి కంట్లోది పొద్దున వెన్నలా ఉంది. మధ్యాహ్నానికి ఇసుక పోసినట్టయింది. నేత మీద ఉంటే రెప్ప వేయడం కూడా మరిచిపోతాం కదా. చెబితే లెన్సులు తీసేస్తారు, చేతిలో ఉన్న పెళ్ళి చీర ఆగిపోతుంది. అందుకని అబద్ధమాడాను.

"రెండూ బాగుండాయన్నా."

మూడోరోజుకి కుడి కన్ను చింతనిప్పైంది, తెరవలేకపోయాను. పెద్దాయన అంగడి మూసి, నా చెయ్యి పట్టుకుని బస్సెక్కించి అనంతపురం డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే కంట్లో మచ్చ పడేదని డాక్టరు అన్నాడు. తిరుగు బస్సులో పెద్దాయన ఒకే మాట అన్నారు.

"నీ కన్ను నిజం చెప్పింది. నువ్వే చెప్పల్యా."

నయమయ్యాక ఎడమ కంటికి పెట్టిన రకమే రెండు కళ్ళకూ ఇచ్చారు. "ఆ కుడిదాంట్లో నీళ్ళెక్కువ. పొద్దున మెత్తగుంటాది, మన గాలికి మధ్యాహ్నానికే ఎండిపోతాది. వరి ఈడ నిలుస్తాదా? మనకు నీళ్ళు తక్కువైనా నిలిచే చెనిక్కాయ మాదిరిది కావల్ల." ఆ లెన్సులతోనే ఇన్నేళ్ళు నేశాను. నా చూపు ఆయన పెట్టిన భిక్ష.

ఈమధ్య ఆ రకం రావడం ఆగిపోయింది. బుధవారం రెండు కొత్త రకాలు చూపించారు. "ముందు నేను పెట్టుకొని చూస్తా. శనివారం రా, చెప్తా."

ఆయన కళ్ళు దానమిస్తానని రాసి ఉంచారు. శుక్రవారం కళ్ళు తీసుకోవడానికి వచ్చిన డాక్టరు, పెద్దాయన కళ్ళలో లెన్సులున్నాయని చెబితే, అంగడి నుంచి నేనే రెండు గిన్నెల లెన్సు డబ్బీ తెచ్చాను. తీసి అందులో వేసిన లెన్సుల్లో ఒకటి లేత నీలం, ఒకటి తెల్లది. రెండు రకాలు. అవి నాకోసం పెట్టుకున్నవని ఎవరికీ చెప్పలేదు గానీ నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. పెద్దాయన భార్య ఆ డబ్బీ నా చేతిలోనే పెట్టింది.

శనివారం వచ్చి పోయింది. రోజూ మూత తీసి లెన్సు నీళ్ళు మారుస్తున్నాను, ఎందుకో తెలియదు. ఏ కన్ను ముందు గుర్తొచ్చిందన్నా అని అడుగుతాను. ఎడమ గిన్నెలో నీలంది, కుడి గిన్నెలో తెల్లది, రెండూ నీళ్ళలో కదలకుండా ఉంటాయి.