పన్నెండు చీరలు, తొమ్మిది చొక్కాలు

మా కంకిపాడు చర్చిలో చాపలు రెండు వైపులా పరుస్తారు. ఎడమ వైపు ఆడవాళ్లు, కుడి వైపు మగవాళ్లు, మధ్యలో నడిచే దారి. పదేళ్లు వచ్చేదాకా నేను ఎడమ వైపే కూర్చున్నాను. ప్రసంగం మొదలవగానే అమ్మ ఒళ్లో తల పెట్టుకుని హాయిగా నిద్రపోవడం నా పని. ఆ తర్వాత ఎవరో "ఇంక అటు వెళ్లి కూర్చోవాలి నాన్నా" అన్నారు. అటు వెళ్లి రెండు ఆదివారాలు కూర్చున్నాను. మూడో ఆదివారం క్వయర్ బెంచీ ఎక్కేశాను. అది ముందు అడ్డంగా వేసి ఉంటుంది, ఏ వైపుకీ చెందదు. నన్ను కనిపెట్టుకుని ఉండాలని అమ్మ కూడా వచ్చి చేరింది. నేను భక్తి కొద్దీ పాటల్లోకి దిగాననుకునేవాళ్లకి అసలు సంగతి ఇదీ. ఏమనుకున్నా సరే.

ఇరవై రెండేళ్లప్పుడు, అమ్మ మిషన్ మీద స్కూలు యూనిఫారాలు కుడుతుండగా చెప్పేశాను. "అమ్మా, నేను మగా కాదు, ఆడా కాదు." అమ్మ తొక్కడం ఆపింది.

"మరి చర్చిలో ఎక్కడ కూర్చుంటావు?" అంది.

"బెంచీ ఉందిగా!"

"అవును, ఉంది" అని మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది. ఏడవడానికి రాత్రంతా సిద్ధపడ్డాను, అదంతా దండగ.

ఆ బెంచీ మీద నేర్చుకున్న గొంతే నాకు అన్నం పెట్టింది. మొదట పద్యనాటకాల ట్రూపులో చేరాను. రిహార్సల్‌కి వెళ్లిన మొదటిరోజు అందరూ నన్ను పైకీ కిందికీ చూస్తుంటే, హార్మోనిస్టు గారు మాత్రం తల ఎత్తకుండా "శ్రుతి ఎంతండీ?" అన్నారు. "ఐదు" అన్నాను. మెట్టు నొక్కారు. నా గురించి ఆయన అడిగిన ప్రశ్న అదొక్కటే. ఈ ఊళ్లో రాజు వేస్తే పక్క ఊళ్లో రాణి వేశాను. ఒకసారి రాజుగా చచ్చి పడి ఉంటే జనం "వన్స్‌మోర్" అని ఒకటే గోల. లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చాను.

తర్వాత విజయవాడలో డబ్బింగ్ పని దొరికింది. ఒకే పూటలో ముసలమ్మకీ, దొంగకీ, ఏడేళ్ల పిల్లకీ గొంతిచ్చిన రోజులున్నాయి. ఆ స్టూడియో వాళ్ల మాట మీదే ఒక వెబ్ సిరీస్‌లో టిఫిన్ సెంటర్ నడిపే మనిషి వేషం వచ్చింది. స్క్రిప్టులో ఆడా మగా అన్నది రాయలేదు, నోటి దురుసు ఎక్కువని మాత్రం రాశారు. దానికి నేను నటించాల్సిన పనేముంది! దశ తిరిగింది. గన్నవరంలో విమానం దిగితే టాక్సీ డ్రైవర్లు నా డైలాగులు నాకే చెప్పి వినిపించారు. "నవ్విన నాప చేనే పండుతుందిలే" అంది అమ్మ.

ఇన్ని వచ్చినా ఒక ఆశ మిగిలిపోయింది. నాటకాల్లో పడ్డాక ఆదివారాలు ఊళ్లో ఉండటమే మానేశాను. మా చర్చిలో, క్రిస్మస్ పొద్దున, అమ్మ పక్కన నిలబడి మళ్లీ పాడాలి. పోయిన ఏడాది పాస్టరమ్మగారే ఫోన్ చేసి, "ఈసారి మొదటి పాట నువ్వే ఎత్తుకోవాలి" అన్నారు. ఎగిరి గంతేశాను.

ప్రాక్టీసు మొదటిరోజే సంఘపెద్దగారు కాగితం పట్టుకుని వచ్చారు. క్రిస్మస్‌కి క్వయరంతా ఒకే రకం బట్టలు కట్టడం మా దగ్గర ఆనవాయితీ. కుట్టేది మా అమ్మే.

"చీరలు పన్నెండు, చొక్కాలు తొమ్మిది. ఆర్డరు ఇవాళే ఇవ్వాలి. నీకేది రాయమంటావు?"

"రెండూ వద్దండి. మీరనుకున్న రంగులోనే నేను ఏదో కుట్టించుకుంటాను."

"అలా కుదరదమ్మా. క్వయరన్నాక గుడ్డ ఒకటే ఉండాలి. చీరో చొక్కానో చెప్పు."

నాకు ఒళ్లు మండింది. "అయితే దుప్పటి రాయండి!" అని అరిచాను. అందరూ అమ్మ వైపు చూశారు. అమ్మ టేపు వేలికి చుట్టుకుంటూ తల వంచుకుంది, ఒక్క మాటా అనలేదు. పెద్దాయన మాట కన్నా అదే నాకు ఎక్కువ నొప్పి పెట్టింది. నేను పాడనని చెప్పి, దొరికిన బస్సెక్కి విజయవాడ వెళ్లిపోయాను. నెల్లాళ్లు అలిగాను. చివరికి అమ్మే ఫోన్ చేసింది. "పాడకపోతే మానెయ్. బిర్యానీకన్నా రా."

క్రిస్మస్ పొద్దున మొదటి బస్సుకి వెళ్లాను. దండెం మీద పొడుగాటి కుర్తా వేలాడుతోంది. మెరూన్ రంగు, చేతుల చివర జరీ అంచు. అమ్మ చలికి శాలువా కప్పుకుని కాఫీ కలుపుతోంది.

"ఈ గుడ్డ ఎక్కడిది?"

"చీరలతో వచ్చిన జాకెట్టు ముక్కలు. నాలుగు పట్టాయి. అడిగితే ఇచ్చారు."

"మరి ఆ రోజు నోరు మెదపలేదేం?"

"నువ్వేమో అరుస్తున్నావు, నేను గుడ్డ లెక్క వేసుకుంటున్నాను. ఇద్దరం అరిస్తే కుట్టేదెవరు?"

నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. గబగబా తొడుక్కున్నాను. సరిగ్గా సరిపోయింది.

చర్చిలో పెద్దాయన నా చెయ్యి పట్టుకుని అంచు తడిమి చూశారు. "గుడ్డ అదేగా. సరే, నిలబడు" అన్నారు. వరసలోకి వెళ్లి చూద్దును కదా, పన్నెండు మెరూన్ చీరల మధ్య ఒక పిన్నిది ఎర్ర జాకెట్టు, ఒక అత్తమ్మది నల్లది, ఆ చివరావిడది ఆకుపచ్చ. ముగ్గురూ నన్ను చూసి నవ్వారు. నాలుగోవారెవరా అని వెతుకుతుంటే, నా పక్కన అమ్మ శాలువా తీసి బెంచీ మీద పెట్టింది. లోపల వెలిసిపోయిన పసుప్పచ్చ జాకెట్టు. మా అమ్మ టైలరు. మ్యాచింగ్ కుదరకపోతే సొంత తమ్ముడి పెళ్లికైనా కదలని మనిషి.

కీబోర్డు మోగింది. ఇన్నేళ్లలో ఏ స్టేజీ మీదా నేను పాట ఎత్తుకోవడం తప్పలేదు. ఆ పొద్దున నోరు తెరిస్తే గొంతు రాలేదు. అమ్మ నా వైపు ఒకసారి గుడ్లురిమి చూసి, తనే ఎత్తుకుంది.