మాస్టారి కుర్చీ, బిస్కెట్ డబ్బా

మంగళవారం పొద్దున మాస్టారి భార్య ఫోను చేశారు. "మీ మాస్టారు పోయారమ్మా. కాఫీ తాగి పేపరు అడిగారు. నేను తెచ్చేసరికే అయిపోయింది" అన్నారు. ఆవిడ గొంతు స్థిమితంగానే ఉంది. నేనే కుర్చీ వెతుక్కున్నాను.

డెబ్భైలలో విజయవాడలో ఆయన దగ్గర చదువుకుని, అదే కాలేజీలో ఫిజిక్స్ డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. మాస్టారు అప్పుడు పీహెచ్‌డీ చివర్లో ఉన్నారు. పనంతా లెడ్ సల్ఫైడ్ పొరల మీద. బీకరులో మందులు కలిపి గాజుపలక వేలాడదీస్తే, కాసేపటికి దాని మీద నల్లటి పొర నిగనిగలాడుతూ పట్టేది. ఆ పొరలో కరెంటు ఎలా పారుతుందో చూడాలి. "సిలికాన్‌లో ఎలక్ట్రాను దాటాల్సింది కాలవగట్టు. ఇందులో వరిమడి గట్టు. కాస్త వెచ్చబడినా, కాస్త వెలుగు తగిలినా దాటేస్తుంది" అనేవారు. ఆయనది పామర్రు పక్క ఊరు. ఏం చెప్పినా పొలంలోంచే వచ్చేది.

అందుకే పొరను చీకట్లో కొలవాలి. మా చీకటిగది ఒక పాత బిస్కెట్ డబ్బా. లోపల నల్లరంగు వేసి, వైర్లకు పెట్టిన బెజ్జాలు లక్కతో మూశారు. మాస్టారు కిటికీకి వీపు పెట్టి కూర్చుని రీడింగులు తీసేవారు. ఆయన క్లాసుకు వెళ్తే నేను తీసేదాన్ని. కానీ మాస్టారి కుర్చీలో ఎలా కూర్చుంటాను? స్టూలు లాక్కుని బల్లకు ఇవతల, కిటికీకి ఎదురుగా కూర్చునేదాన్ని. ఆయనకు వచ్చిన రెసిస్టెన్సు నాకెప్పుడూ రాలేదు, తక్కువే వచ్చేది. నా చేతిలోనే లోపముందనుకున్నాను. సిగ్గేసి, ఒక వారం అంకెలు ఆయనవాటికి దగ్గరగా సర్ది రాశాను. ఈ మాట ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మాస్టారు నోటుపుస్తకం తిరగేసి, "ఈ వారం పొర మహా వినయంగా ఉందేమమ్మా?" అన్నారు.

ఏడుపొచ్చింది. చెప్పేశాను. తిడతారనుకుంటే, "అసలు అంకెలు ఉన్నాయా?" అని అడిగారు. చిత్తుకాగితం ఇచ్చాను. అది చూసి లేచి, నా స్టూలు మీద కూర్చుని కొలిచారు. ఆయనకూ తక్కువే వచ్చింది. నన్ను తన కుర్చీలో కూర్చోమన్నారు. రెసిస్టెన్సు పెరిగింది.

మా ఊరి తేమకు డబ్బా తుప్పుపట్టి, కిటికీ వైపు సూదిమొనంత బెజ్జం పడింది. ఆ కుర్చీలో ఎవరుంటే వాళ్ల నీడ దాన్ని కప్పేది. ఎవరూ లేకపోతే వెలుగు దూరి రెసిస్టెన్సు పడిపోయేది. "ఇన్నాళ్లూ నా వీపే మూతన్నమాట" అని నవ్వారు. కాసేపటికి ఆ నవ్వు పోయింది. థీసిస్ టైపుకు సిద్ధంగా ఉంది. ఆ ఏడు ఇచ్చేస్తే ప్రమోషను ఆయనదే.

"మీ కుర్చీలోంచి తీసినవి సరైనవే కదండీ మాస్టారూ" అన్నాను.

"నీడ ఎంత కప్పిందో తెలియదు కదమ్మా. తెలియంది ఎట్లా రాస్తాను?"

మొదటి పొర నుంచీ మళ్లీ కొలిచాం. ఏడాది పైనే పట్టింది. ప్రమోషను ఇంకొకరికి వెళ్లింది. నావల్లే అని చాలాకాలం బాధపడ్డాను. ఆయన ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. కొత్త డబ్బా తెచ్చిన రోజున మాత్రం, "ఇకమీదట నా కుర్చీలోనే కూర్చో. మర్యాద నాకు చాలు, రీడింగుకి అక్కర్లేదు" అన్నారు. అయినా మొదటిరోజు అంచు మీదే కూర్చున్నాను.

పెద్దకర్మ నాడు మాస్టారి భార్య నా చేతిలో నల్లకాగితం పొట్లం పెట్టారు. పైన అంటించిన చీటీ మీద మాస్టారి దస్తూరీలో నా పేరు. తడిమితే గాజుపలక. ఆయన గదిలోకి తీసుకెళ్లాను. బల్ల దగ్గర ఆయన కుర్చీ ఖాళీగా ఉంది, కిటికీకి వీపు పెట్టి. అందులో వెనక్కి ఆనుకుని కూర్చున్నాను. పొట్లాన్ని నా నీడలో పెట్టుకుని విప్పాను.