కిటికీ వైపు స్తోత్రం

ఆ రోజుల్లో, అంటే లోకమంతా నాకే తెలుసు అనుకున్న వయసులో, కల్లూరులో బండలు పాలిష్ చేసే ఒక ఫ్యాక్టరీలో నేను సరుకు చూసేవాణ్ణి. లారీ దిగిన ప్రతి బండనీ ఇనుప కడ్డీతో తట్టాలి. కణ్‌మంటే మంచిది, మొద్దుగా పలికితే లోపల చీలిక ఉన్నట్టు. రెండేళ్లు ఆ పని చేసేసరికి మనుషుల్ని కూడా తట్టి చూసే జబ్బు పట్టుకుంది. పాలవాడు నవ్వితే నీళ్లు కలిపినాడనీ, మేస్త్రీ టీ ఇప్పిస్తే సెలవు అడగబోతాడనీ అనుకునేవాణ్ణి (రెండోది చాలాసార్లు నిజమే అయింది).

ఆ జబ్బుతోనే ఆదివారం మాయమ్మ వెంట ప్రార్థన మందిరానికి పోయేవాణ్ణి. పాటలప్పుడు అందరూ చప్పట్లు కొడుతూ, చేతులెత్తి ‘స్తోత్రం’, ‘హల్లెలూయ’ అంటుంటే నాకు ఒళ్లంతా ముడుచుకుపోయేది. భక్తి లేక కాదు. లోపల్లోపల నేనూ అనుకునేవాణ్ణి, పైకి అనాలంటేనే సిగ్గు. మిషన్ల మోతలో ‘బండ మూల జాగ్రత్తప్పో!’ అని అరిస్తే గేటు దాకా వినపడే గొంతు మందిరం గడప దాటితే పెగిలేది కాదు. ఆ సిగ్గుకు మర్యాద అని పేరు పెట్టుకుని, నోరు తెరిచినవాళ్లందరినీ అనుమానించేవాణ్ణి. “గట్టిగా అనేటోళ్లంతా పక్కోళ్లకు వినపడాలనే అంటాండారుమా” అంటే, “నువ్వు పక్కోళ్లను చూసేదానికి వస్తాండావా? కండ్లు మూసుకోరా” అని మాయమ్మ కసిరేది. నేను ఒక కన్నే మూసేవాణ్ణి.

తెరిచిన కంటికి చిక్కినవాడు గొంతుతాత. మైకు అక్కర్లేని మనిషి కాబట్టి ఆ పేరు. ఎప్పుడు చూసినా వెనక కిటికీ పక్కనే నిలబడేవాడు. స్తోత్రం అనేటప్పుడు ఆయన మొహం ప్రసంగం చెప్పే అయ్యగారి వైపు కాదు, కిటికీ వైపు! ఒక కేక వేసి, కాసేపు చెవి రిక్కించి, తృప్తిగా తల ఊపేవాడు. దొరికిపోయినావు తాతా, అనుకున్నా. వీధిలో పోయేవాళ్ల మెప్పు కోసం కాకపోతే కిటికీతో ఏం పని? నాలుగు వారాలు కాపలా కాసి, ఐదో వారం ఫోను వచ్చినట్టు చెవికి పెట్టుకుని మందిరం వెనక్కి పోయినా.

వెనక వీధే లేదు. కిటికీకి ఎదురుగా ఒక రేకుల ఇల్లు, వసారాలో మంచం, మంచం మీద తాత భార్య. తుంటి ఎముక విరిగి నడవలేని అవ్వ. లోపల్నుంచి తాత కేక వినపడగానే అవ్వ రెండు చేతులూ ఎత్తి “ఆమేన్” అనింది. నన్ను చూసి, “ఫోను దూరంగా పోయి మాట్లాడుకోప్పా, మేం ప్రార్థనలో ఉండాం” అనింది. అప్పుడే చెవి దగ్గరున్న ఫోను నిజంగా మోగింది.

దాంతో నేను మారిపోయినానని చెప్తే అబద్ధం. తాత ఒక్కణ్ణి వదిలేసి, మిగతావాళ్లను యథాప్రకారం అనుమానిస్తూ వచ్చినా. కాకపోతే ఆయన పక్కనే నిలబడటం మొదలుపెట్టినా, ఎందుకో మరి.

ఎండాకాలంలో ఒక ఆదివారం పాట మధ్యలో తాతకు పొలమారింది. దగ్గి దగ్గి గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. పాట జోరుగా సాగుతాంది. కిటికీ అవతల్నుంచి “ఏమయ్యా, యాడుండావు? పలకవేంది?” అని అవ్వ గొంతు. తొంగి చూస్తే అవ్వ మంచం పట్టె పట్టుకుని లేస్తాంది! ఒక కాలు అప్పుడే నేల మీద పెట్టింది. ఆ తుంటితో కింద పడితే మళ్లీ లేచేది లేదు. తాత నా మోచెయ్యి పట్టుకుని కిటికీ వైపు తోసి, నా నోటి వైపు వేలు చూపించినాడు. ఆయన కండ్లలో అంత భయం నేనెన్నడూ చూడలేదు.

‘పడతావవ్వా’ అని అరిస్తే సరిపోయేది కదా అని మీరనొచ్చు. ఆ గాబరాలో నాకు తాత మాటే తోచింది. “స్తోత్రం!” అన్నా, ఫ్యాక్టరీ గొంతుతో. సరిగ్గా అప్పుడే పాట ముగిసి, అయ్యగారు అందరినీ మౌనంగా ప్రార్థించమన్నారంట. ఆయన చేతిలో పుస్తకం జారిపోయింది. ఎవరిదో చంటిబిడ్డ ఏడుపందుకుంది. అవ్వ ఆగింది గాని కాలు పైకి తీయలేదు, గొంతు మొగునిది కాదు గదా! “స్తోత్రం! తాత ఈడే ఉండాడు, హల్లెలూయ! దగ్గొచ్చింది అంతే, స్తోత్రం! కాలు పైన పెట్టవ్వా, స్తోత్రం!” అని వరసగా అరిచినా. అవ్వ కాలు పైన పెట్టుకుంది. హమ్మయ్య అనుకున్నా గాని నోరు ఆగలేదు. ఎవరూ అడగని స్తోత్రాలు ఇంకో రెండు వాటంతటవే వచ్చినాయి. మందిరమంతా నన్నే చూస్తోంది, నాకు సిగ్గు వేయలేదు, చెంపలు మాత్రం తడిసినాయి.

కూడిక అయినాక తాతను చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయినా. అవ్వ ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నన్ను ఎగాదిగా చూసింది.

“అంత గట్టిగా స్తోత్రమంటివే, దేవునికి చెప్పినావా, నాకు చెప్పినావా?”

“నీకే అవ్వా,” అన్నా, ఆ చివరి రెండింటి సంగతి దాచి.

“పోనీలేప్పా. దేవుడూ ఈడనే ఉండాడు, ఇన్నాడులే.”

వాళ్లిద్దరూ పోయి చాలా రోజులైంది. ఇప్పుడు నేనూ గట్టిగానే అంటా. అంటూ అంటూ మధ్యలో, ఇది ఎవరికోసంరా అని నా మీద నాకే అనుమానం వస్తుంది. నవ్వొస్తుంది కూడా. ఇంకొంచెం గట్టిగా అంటా.