చడావు మీద పెళ్లికొడుకు

ఆ రోజుల్లో (మరీ రాజుల కాలం కాదు లెండి, చేతిలో ఫోన్లు, ఫోన్లో మ్యాపులు వచ్చేసిన రోజులే) మా గౌలిపురలో వయసొచ్చిన మగాడెవరైనా సైకిల్ తొక్కుతున్నాడంటే వాళ్లింట్లో ఏదో బాగాలేదని అర్థం. మా బాపు సగం జీవితం సైకిల్ మీదే గడిపాడు. రెండు వైపులా పాల క్యాన్లు వేలాడేసుకుని మహేశ్వరం అవతలి ఊళ్ల నుంచి పట్నానికి పాలు మోసేవాడు. చివరికి ఆ సైకిల్ అమ్మేసి సెకండ్‌హ్యాండ్ స్కూటర్ కొన్న రోజున మా అమ్మ గల్లీ అంతా పేడాలు పంచింది. నా పెళ్లి కుదిరినప్పుడు కూడా అంత సంతోషపడలేదు. నా కాలు జన్మలో పెడల్ మీద పడకూడదనే వాళ్లు నన్ను ఇంజనీరింగు చదివించారు.

చదివాను, మాదాపూర్ అవతల అద్దాల మేడలో ఉద్యోగమూ వచ్చింది. అక్కడ మా పై అధికారిని చాటుగా గేర్ల సార్ అనేవాళ్లం. ఆయన వారమంతా లిఫ్టు ముందు ఎంతసేపైనా నిలబడేవాడు కానీ ఒక్క అంతస్తు మెట్లెక్కేవాడు కాదు. ఆదివారం వస్తే మాత్రం ఆయనకు గుట్టలు కావాలి. కారు వెనక సైకిల్ కట్టుకొని, ఊరి బయటకు తీసుకుపోయి, దించి, తుడిచి, కాసేపు తొక్కి, మళ్లీ కారుకు కట్టి ఇంటికి తెచ్చేవాడు. (మా అమ్మమ్మను తీర్థానికి తీసుకుపోయినప్పుడు కూడా మేం అంత జాగ్రత్త పడలేదు.) "రోడ్డు సాపుగా ఉంటే మజా ఏముందయ్యా! రోలింగ్ ఉండాలి. ఎక్కాలి, దిగాలి, మళ్లీ ఎక్కాలి. లైఫ్ లాగా!" అనేవాడు. ఆయన లైఫ్‌లో ఎక్కడమే తప్ప దిగడం మేమెవరం చూడలేదు. అయినా అందరం తలలూపేవాళ్లం.

సరిగ్గా అప్పుడే నాకు సంబంధం కుదిరింది. పిల్లది మహేశ్వరం దాటాక లోపలికి ఒక ఊరు. తండ్రి అక్కడ పాల సెంటర్ నడిపేవాడు, మా బాపుకు పాత దోస్తు. చూపుల రోజున ఆ పిల్ల నాకు చాయ్ ఇచ్చింది. ఒక గుక్క తాగి, చక్కెర చాలలేదని చెప్పలేక నేను మొహం ఎలా పెట్టానో ఏమో, చెంచాడు చక్కెర తెచ్చి ఏమీ అనకుండా నా కప్పులో వేసి లోపలికి వెళ్లిపోయింది. అంతే, నా పని అయిపోయింది. తమాషాకు రాయడం లేదు, ఆ పిల్ల నాకు ప్రాణంగా నచ్చింది. వరపూజ (మా వైపు నిశ్చితార్థం అన్నమాట) వచ్చే నెలలో పెట్టుకున్నారు. ఈలోగా ఆమెను ఇంకొకసారి చూడాలని నాకు ఒకటే ఆరాటం. వరపూజ కాకముందు పెళ్లికొడుకు ఒంటరిగా అత్తగారి గడప ముందు తేలితే మా వాళ్లలో పరువు తక్కువ. మరి వాళ్ల ఊరి మీదుగా ఎటో పోతుంటే ఎవరు కాదంటారు? "సార్, నాకొక రూటు తెలుసు. మీరు చెప్పే రోలింగ్ మస్తుగుంటది" అని గేర్ల సార్ చెవిలో వేశాను. ఆయన పొంగిపోయి తన పాత సైకిల్ నాకిచ్చాడు.

దాన్ని ఇంటికి తెచ్చిన రోజు జరిగిన లొల్లి ఇంతా అంతా కాదు. అమ్మ దాని మీద పాత దుప్పటి కప్పింది, ఎండ తగలకుండా కాదు, ఎదురింటి వాళ్ల కంట పడకుండా. బాపు ఆ దుప్పటి ఎత్తి, సన్నటి టైర్లు, కత్తిలాంటి సీటు చూసి, "క్యాన్లు యాడ గడ్తరు దీనికి?" అని అడిగాడు.

"క్యాన్లు గట్టరు బాపు. ఊకెనే తొక్కుతరు. ఎత్తుకు ఎక్కే చడావు ఉన్న రోడ్డు ఏడుందో చూసుకొని పోతరు."

"గా మహేశ్వరం చడావు ఎక్కలేక నేను నడిరోడ్డు మీద ఏడ్చిన దినాలున్నయిరా. నువ్వు దాని కోసం దేవులాడుకుంట పోతున్నవా?" అన్నాడు బాపు. ఆయన గొంతులో కోపం కంటే జాలి ఎక్కువగా ఉంది.

ఆదివారం వచ్చింది. గేర్ల సార్ ఉత్తర్వుల ప్రకారం యూనిఫాం: కూర్చునే చోట మెత్త కుట్టిన నల్లటి బిగుతు నిక్కరు, నాకు ముక్కూ మొహం తెలియని కంపెనీల పేర్లున్న చిలకపచ్చ చొక్కా, వీపు మీది జేబులో అరటిపండ్లు. ఆ వేషంలో గల్లీ దాటే ధైర్యం లేక పైన మామూలు ప్యాంటు తొడుక్కున్నాను. అయినా ఉప్పుగూడ దగ్గర చాయ్ హోటల్లోంచి ఒకతను "క్యా భాయ్, సర్కస్ ఆయా క్యా?" అని పలకరించనే పలకరించాడు. పహాడీషరీఫ్ దాటాక ఒక రాతి గుండు చాటున ప్యాంటు విప్పి హ్యాండిల్‌కు కట్టుకున్నాను. గేర్ల సార్, ఆయన సైకిల్ దోస్తులు తుక్కుగూడ దాకా కార్లలో వచ్చి, అక్కడ సైకిళ్లు దించుకొని, ఒళ్లు విరుచుకుంటున్నారు. నేను ఇంటి నుంచే తొక్కుకొచ్చాను కాబట్టి వాళ్ల ప్రయాణం మొదలయ్యే చోట నాది దాదాపు ముగిసింది.

దారి మాత్రం బాగుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి? రెండు పక్కలా కంది చేలు, ఎర్రమట్టి, ఎవరో తీరిగ్గా పేర్చినట్టు గుండ్లు. రోడ్డు కిందికి దిగి, కనపడకుండా పోయి, మళ్లీ ఎదురుగా లేచేది. రోడ్డు లేచిన ప్రతిసారీ గేర్ల సార్ "బ్యూటిఫుల్!" అని అరిచేవాడు. పొలాల్లో పనిచేసుకునేవాళ్లు నడుం ఎత్తి, ఈ అరుపు ఎవరికి ఏమైందోనని చూసేవారు. ఇక పిల్ల వాళ్ల ఊరు సరిగ్గా ఒక పెద్ద చడావు నెత్తిన ఉంది. హీరోలాగా దూసుకుపోతూ ఒక్కసారి తల తిప్పి చూడాలని వారమంతా అనుకున్నాను. చడావు సగానికే కాళ్లు మొరాయించాయి. దిగి, సైకిల్‌ను నెట్టుకుంటూ, ఆయాసంతో నోరు తెరుచుకొని, కాబోయే మామగారి పాల సెంటర్ ముందు తేలాను. పొద్దుటి పాలు పోసే వేళ కావడంతో ఊరంతా క్యాన్లు పట్టుకొని అక్కడే ఉంది.

"ఏంది బిడ్డా, గిట్ల వస్తివి? బస్సు దొరకలేదా?" అన్నాడు ఆయన, నా నిక్కరు వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడుతూ.

"లేదు మామా, ఊకెనే వచ్చినం."

"ఊకెనే పట్నం నుంచి సైకిల్ మీద ఎవలొస్తరు? ఎవలన్న పోయిన్రా?"

నా వెనకే వస్తున్న నిక్కర్ల గుంపును చూసి ఒక ముసలావిడ బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో, ఎంత గతి పట్టిందో పిల్లలకు! ఒంటి మీద ప్యాంట్లు గూడ లేవు." పక్కనున్నతను నా హ్యాండిల్ చూపించి, "ఆ పిలగానికి ఉన్నది గద. పాడైతదని విప్పి దాచుకున్నడు" అని సర్దిచెప్పాడు. ఇంతలో గేర్ల సార్ చేరుకొని, కూలింగ్ గ్లాసులు తీయకుండానే, "నాకొక బ్లాక్ కాఫీ చెప్పండి. పాలు వద్దు" అన్నాడు. పాల సెంటర్ యజమాని మొహం మీద ఆ మాట అన్న మొదటి మనిషి ఆయనే అయి ఉంటాడు.

అప్పుడే ఆ పిల్ల వాకిట్లోకి వచ్చింది. నన్ను, నా చొక్కాను తేరిపార చూసి, మెల్లగా అడిగింది: "ఎందాక పోతున్రు?"

"కందుకూరు దాక పోయి మళ్ల వస్తం."

"ఏం తెచ్చెటందుకు?"

ఇంత చదువు చదివి, అంత ముఖ్యమైన ప్రశ్నకు "ఏం లేదు" అన్నాను. ఆమె పెదవి కొరుక్కొని నవ్వు ఆపుకుంది. ఆ నవ్వు చూడటానికైనా ఆ చడావు ఎక్కవచ్చని నాకనిపించింది. కానీ తండ్రి "నువ్వు లోపలికి నడువు బిడ్డా" అన్నాడు.

మర్నాడు ఈ సంబంధం తెచ్చిన మా మేనత్త ఫోన్ చేసింది. "ఏందిరా, నౌకరి పోయిందంట గద! కంపెనీ కంపెనీయే మునిగిందంట! మీ సారు గూడ నిక్కరు మీద తిరుగుతున్నడంట, పైసల్లేక పాలు గూడ వద్దన్నడంట!" నేను నెత్తీ నోరూ కొట్టుకొని చెప్పినా వినలేదు. వాళ్లు సంబంధం వద్దనుకుంటున్నారని చెప్పి పెట్టేసింది. చివరికి సిగ్గు విడిచి గేర్ల సార్‌ను బతిమాలాను. ఆయన పెద్ద మనసుతో, పెద్ద కారులో, బాపును, నన్ను ఎక్కించుకొని ఆ ఊరికి బయలుదేరాడు. కారు వెనక సైకిల్ ఎందుకని నేను అడగాల్సింది.

"ఉద్యోగం పోవడమేంటండీ!" అని మొదలుపెట్టాడు సార్, పాల సెంటర్ అరుగు మీద కూర్చొని. "మాకేం తక్కువ? ఈ సైకిల్ ఖరీదెంతో తెలుసా మీకు?" అని, అడగకుండానే చెప్పాడు.

పిల్ల తండ్రి కొట్టంలో కట్టేసిన బర్రెల వైపు చూశాడు, మళ్లీ సైకిల్ వైపు చూశాడు. "అంటే గిదొక్కటి నాలుగు మంచి బర్రెలంత?"

"ఇది మామూలుదండీ. ఖరీదైనది ఇంట్లో ఉంది!"

మామ మా బాపు వైపు తిరిగాడు. "అన్నా, నౌకరి పోయిందంటె నాకు ఫికరు లేకుండె. గీడనే నాతోని పాలు పోయించుకుంట బతుకుతుండె. గని నాలుగు బర్రెలు పెట్టి సైకిల్ కొని, ఏం తెచ్చేది లేకుంట తిరిగెటోళ్ల సోపతి పట్టిండు నీ కొడుకు. పైసల్లేనోనికన్న పిల్లనిస్త. నెత్తిల గుజ్జు లేనోనికి ఎట్లియ్యాలె?"

దారుణం ఏమిటంటే, మా బాపు కూడా నిజమేనన్నట్టు తల ఊపాడు. తిరుగు ప్రయాణంలో గేర్ల సార్ ఆ చడావును చూసి మళ్లీ "బ్యూటిఫుల్!" అన్నాడు. ఆయన్ను కారులోంచి తోసెయ్యాలన్నంత కోపం వచ్చింది. ఉద్యోగం గుర్తొచ్చి కిటికీలోంచి కంది చేలు చూస్తూ కూర్చున్నాను.

ఏళ్లు గడిచాయి. నాకు కారొచ్చింది, పొట్టొచ్చింది, ఇంకో ఊరి సంబంధమూ వచ్చింది (మా ఆవిడ ఇది చదువుతుంది కాబట్టి, చాలా మంచి సంబంధమని ఇక్కడే రాసేస్తున్నాను). మొన్న ఒక ఆదివారం మా ఆవిడతో చుట్టాలింటికి పోతూ ఆ దారిన వెళ్లాను. ఆ చడావంతా చిలకపచ్చ చొక్కాలే! పాల సెంటర్ ముందు రేకుల పందిరి, ప్లాస్టిక్ కుర్చీలు, సైకిళ్లు ఆనించడానికి ఒక ఇనుప కడ్డీ. కారాపి దిగాను. అదే మనిషి, జుట్టు తెల్లబడింది. నన్ను గుర్తుపట్టలేదు. చేతికి మజ్జిగ గ్లాసు ఇచ్చి, నా పొట్ట వైపు చూసి, "మీరు గూడ సైకిల్ తొక్కున్రి సార్, ఒంటికి మంచిది" అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియక, "ఈ కుర్చీలు గిట్ల ఎప్పుడు ఏసిన్రు?" అని అడిగాను.

"నేనేడ ఏస్త సార్! అంత మా బిడ్డె లొల్లి. షాద్‌నగర్‌కు ఇచ్చి పెండ్లి చేసిన. ఎన్కట ఒక పిలగాడు దాని కోసమని గీ చడావెక్కి వచ్చిండు. 'మంచినీళ్లన్న ఇయ్యకపోతివి బాపు' అని వచ్చినప్పుడల్ల తిడ్తది. ఇగ ఎవలొచ్చినా చల్ల పోస్తున్న."

కారులోంచి మా ఆవిడ ఆలస్యమవుతోందని హారన్ కొట్టింది. నాకు దాహం లేదు. అయినా గ్లాసు చాపి, "ఇంకింత పొయ్యి మామా" అన్నాను.