పంచాంగంలో లేని శూల

ఆ రోజుల్లో నాకు భయం లేనిది ఒక్క పరీక్షలంటేనే. అమ్మంటే భయం, బల్లి అంటే భయం, కాలేజీలో వేలాడే అస్థిపంజరమంటే భయం, అన్నిటినీ మించి మా మేనత్తంటే భయం. వరంగల్‌లో మాకు కిరాణా కొట్టు ఉండేది. అరవైల్లో నేను బి.ఎస్సీ.లో జంతుశాస్త్రం చదువుతున్నాను. అమ్మకు చదువు రాదు కాబట్టి, రోజూ పొద్దున ఆమెకు పంచాంగం చదివి వినిపించే కొలువు నాది. అన్న పెసలు కొనడానికి వర్ధన్నపేట వైపు వెళితే వారం దాకా వచ్చేవాడు కాదు. నేను దినం మంచిదంటేనే బస్సెక్కేవాడు.

వదినకు పెళ్ళై ఐదేళ్ళయినా పిల్లల్లేరు. ఎండాకాలం సెలవులు అయిపోయిన వారంలో, బియ్యం చెరుగుతూ చేట ఆపకుండానే చెప్పింది. "మీ మేనత్త దసరా దాంక చూస్తదట బుజ్జీ. అటెన్క మీ అన్నకు ఇంకో పిల్లను తెస్తదట. నన్ను మా అమ్మగారింటికి తోలుతరేమో." వదిన లేని ఇల్లు నాకు ఊహకు కూడా అందలేదు.

ఆ వారమే మా మేడం (తలెత్తకుండా, బోర్డుతో మాట్లాడుతున్నట్టు) ఋతుచక్రం పాఠం చెప్పింది. మెదడు అడుగున శనగగింజంత పిట్యూటరీ గ్రంథి హార్మోన్ పంపితే అండాశయంలో అండం పెరుగుతుంది. దాని చుట్టూ ఉన్న గూడు ఈస్ట్రోజన్ ఇస్తుంది. అది బాగా పెరిగాక పిట్యూటరీ మరో హార్మోన్‌ను ఒక్కసారిగా వదిలితే అండం బయటికొస్తుంది. అది బతికేది ఒక్కరోజు. పుస్తకం పద్నాలుగో రోజు అంది. ఆ రోజుల్లో అన్న ఊళ్ళో ఉంటే చాలు. వదిన తేదీలు ఎవరినీ అడగక్కర్లేదు. ముట్టయితే మూడు రోజులు వెనక అర్రలో వేరే చాప, వేరే చెంబు. పన్నెండో రోజు రాగానే పంచాంగం తెరిచి, అందులో లేనిది చదివాను. "అమ్మా, ఐదు దినాలు వర్ధన్నపేట దిక్కు శూల ఉన్నదట, పోవద్దట."

"ఐదు దినాలు ఒక్కతీరు శూలనా? జర సరిగ్గ చూడు," అన్నాడు అన్న. సరిగ్గా చూసినట్టు నటించాను. దేవుడి పుస్తకంలో అబద్ధం చదివితే కళ్ళు పోతాయేమోనని, వారం రోజులు దూరంగా ఉన్న సినిమా పోస్టర్లు చదివి పరీక్షించుకున్నాను.

రెండు తడవలు అలాగే చేశాను. ఏమీ కాలేదు. మూడో తడవ పదహారో రోజున, పరీక్షకు చదువుతుంటే ఒక వాక్యం కనిపించింది. అండం పోయాక మిగిలిన గూడు ప్రొజెస్టిరోన్ ఇస్తుంది, అది దాదాపు పద్నాలుగు రోజులే, అది తగ్గాకే ముట్టు. అంటే లెక్క వెనక నుంచి పెట్టాలి. పుస్తకంలో ఆడదానిది ఇరవై ఎనిమిది రోజుల చక్రం. మా వదినది ముప్పై ఐదు. పద్నాలుగు తీస్తే ఇరవై ఒకటి. మరి నేను ఐదు రోజులు ఆపితే, పదిహేడో రోజున బయల్దేరి వారం పోయి వస్తున్నాడు అన్న! మేనత్త దసరాకు చేయాలనుకున్న పని నేను ముందే చేస్తున్నాను. నాకు ఏడుపొచ్చింది.

తెల్లారి అన్న సంచులు సర్దుకుని నిలబడ్డాడు. "ఇంకో వారం మంచిగ లేదట."

"గీ పంచాంగం నా మీదనే పగవట్టిందా? రైతులు వేరేటోళ్ళకు అమ్ముకుంటరు," అన్నాడు అన్న. అమ్మ నా చేతిలోని పంచాంగం తీసుకుని (తలకిందులుగా పట్టుకుని) కాసేపు చూసింది. నా పని అయిపోయిందనుకున్నాను. "పిల్ల చదివింది గదా. సంచులు దించు," అంది.

ముప్పై ఐదో రోజు నుంచి ప్రతి పొద్దునా గుండె చేతబట్టుకుని వెనక అర్రలోకి తొంగి చూశాను. చాప చుట్టే ఉంది. దసరా నాడు మేనత్త వదిన చేతిలో జమ్మి ఆకు పెట్టి, తల నిమిరి, ఇంకో పిల్ల మాట ఎత్తకుండా పోయింది. ఒక్క నెలలో కావడం నా లెక్క గొప్పతనమేమీ కాదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం పిట్యూటరీ గ్రంథికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

శ్రీమంతం నాడు అమ్మ నన్ను పక్కకు పిలిచింది. "మొదటి తాపనే పంతులునడిగిన. ఏ శూల లేదన్నడు."

"మరి నన్నెందుకు కొట్టలేదమ్మా?"

"సదువుకున్నదానివి. వదిన కోసం ఏదో తెలిసే చేస్తున్నవని ఊకున్న."

అప్పుడు పుట్టిన మేనకోడలే ఇప్పుడు నాకు బీపీ మాత్రలు తెచ్చిస్తుంది. తెలిసి చేసింది ఒక్క నెలేననీ, ముందు రెండు నెలలూ అన్నను సరిగ్గా పంపకూడని రోజుల్లోనే పంపాననీ అమ్మకు చివరిదాకా చెప్పలేదు. ఇవాళ అమ్మ ఎదురుగా ఉన్నా చెప్పలేను. భయం.