ఎర్రగా ఉంటే తిరుగుతున్నట్టు

ఇరవై నాలుగేళ్ళ వయసులో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఒకటి ఉంటుందని నేను అనుకునేవాణ్ణి కాదు. మదనపల్లెలో డిప్లొమా చేసి, ఆపైన కంప్యూటరు కోర్సు సర్టిఫికెట్టు కూడా (ఫ్రేము కట్టించి) గోడకు తగిలించుకున్నవాడికి ఇంకా తెలియాల్సింది ఏముంటుంది చెప్పండి? సెల్‌ఫోనులో పాటలు వినడమే గొప్పగా ఉన్న ఆ రోజుల్లో, పుంగనూరు దగ్గర ఒక పాల ఫ్యాక్టరీ కంట్రోలు రూములో ట్రైనీగా చేరాను. ఆరు నెలలు చూస్తారు. పనికొస్తే ఉంచుకుంటారు, లేకపోతే ఇంటికి పంపిస్తారు.

కంట్రోలు రూమంటే పెద్దగా ఊహించుకోకండి. గోడ పొడవునా ఒక ఇనప బోర్డు, దాని మీద పెయింటుతో గీసిన ఫ్యాక్టరీ పటం, ప్రతి మోటారు బొమ్మ పక్కనా ఒక ఎర్ర బల్బు, ఒక పచ్చ బల్బు. ఎరుపు వెలిగితే మోటారు తిరుగుతున్నట్టు, పచ్చ వెలిగితే ఆగినట్టు. (కరెంటు పనివాళ్ళ లెక్క అది. కరెంటు పారుతుంటే ప్రమాదం, కాబట్టి ఎరుపు. ఆగితే ధైర్యంగా చెయ్యి పెట్టొచ్చు, కాబట్టి పచ్చ.) ఆ బల్బులు వారానికి నాలుగైనా మాడిపోయేవి. పొద్దస్తమానం స్టూలెక్కి వాటిని మార్చేది మా సీనియరు ఆపరేటరు. శాంతిపురం మనిషి. అందరూ ఆయన్ను బల్బప్ప అనేవాళ్ళు, హాజరు పట్టీలో తప్ప అసలు పేరు ఎక్కడా వినపడేది కాదు. నలభై రెండేళ్ళుంటాయేమో, మేము మాత్రం ముసలాయన కిందే జమకట్టేశాం. "బల్బు సెప్పేది సగమే నమ్మాలప్పా, మిగతా సగం సెవుల్తో ఇనాల," అనేవాడు. నేను నవ్వుకునేవాణ్ణి.

నా ఆరో నెలలో ఆ బోర్డు తీసేసి, ఎల్‌ఈడీ తెరల గోడ పెడతామన్నారు. బెంగళూరు నుంచి నాలుగు పెద్ద పెట్టెలు, వాటి వెంట ఒక ఇంజనీరు వచ్చారు. "పదేళ్ళు వెలుగుతుంది, బల్బు మార్చే పనే ఉండదు," అన్నాడాయన. బల్బప్ప చేతిలో ఉన్న బల్బును ఒకసారి చూసుకుని జేబులో వేసుకున్నాడు. కంప్యూటరు సర్టిఫికెట్టు ఉన్న పాపానికి కొత్త గోడ దగ్గర నన్ను కూర్చోబెట్టారు. ఇంజనీరు తెర వెలిగించకుండానే మూడు రోజులు కన్నడమూ ఇంగ్లీషూ కలిపి చెప్పి, బెంగళూరు వెళ్ళిపోయాడు. నాకు మూడో వంతు అర్థమైంది, మిగతాదానికి తల ఊపాను. మౌసుతో మోటారు బొమ్మ మీద నొక్కితే ఆగింది తిరుగుతుంది, తిరిగేది ఆగుతుంది. ఇది మాత్రం నోటుబుక్కులో రాసుకున్నాను. రంగుల సంగతి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఎవరి రంగులు వాళ్ళకు తెలిసినవే కదా అనుకున్నాం ఇద్దరమూ.

ప్రారంభోత్సవం రోజు ఫ్యాక్టరీ పెద్దాయన వచ్చాడు. గోడ కోసం గదికి కొత్తగా ఏసీ పెట్టి, అద్దాలు బిగించారు. బయటి చప్పుడు ఒక్కటీ లోపలికి రాదు. బైరెడ్డిపల్లె నుంచి కలకడ దాకా రైతుల దగ్గర తెచ్చిన పాలు ట్యాంకుల్లో ఉన్నాయి. వాటిని చల్లబరిచే కంప్రెసర్లు ఏడు. పెద్దాయన రిబ్బను కత్తిరించాడు, తెర వెలిగింది. చూస్తే ఏడూ పచ్చగా ఉన్నాయి!

పచ్చంటే ఆగినట్టేగా. పాలు లోపల, కంప్రెసర్లన్నీ ఆగి ఉన్నాయి, ఎదురుగా పెద్దాయన. ఇంక నా ఉద్యోగం గోవిందా. ఎవరికీ తెలియకుండా ఒక్కొక్కటే నొక్కాను. ఒక్కొక్కటే ఎర్రబడింది. ఏడూ ఎర్రబడ్డాక ఊపిరి పీల్చుకున్నాను. పెద్దాయన చప్పట్లు కొట్టాడు. ("ఎంత కళగా ఉండాదయ్యా!" అని కూడా అన్నాడు.) అందరూ ఉప్మా, కేసరి తినడానికి వెళ్ళారు. నేను గోడను చూసుకుంటూ గర్వంగా కూర్చున్నాను.

కాసేపటికి బల్బప్ప పరుగెత్తుకుంటూ వచ్చాడు. "కంప్రెసర్లు యాల ఆపినావప్పా?"

"ఆపలేదన్నా. సూడు, అన్నీ ఎర్రగానే ఉండాయి."

ఆయన గోడ వంక చూశాడు. "ఎర్రగానే ఉండాయి," అని ఒప్పుకున్నాడు. తలుపు తీసి చెవి పెట్టాడు. బయట చీమ చిటుక్కుమనడం లేదు. మళ్ళీ గోడను చూశాడు. "ఎర్రగా ఉంటే సప్పుడేదప్పా?"

నేను నోటుబుక్కు తిరగేశాను. ఆయనే అన్నాడు, "ఒకటి నొక్కి సూడు." నొక్కాను. పచ్చబడింది. బయట గుర్రుమని మోటారు లేచింది. ఇద్దరం ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం. కొత్త గోడకు పచ్చంటే నడవడం, ఎరుపంటే ఆగడం! మిగతా ఆరూ గబగబా నొక్కేసరికి మేనేజరూ పెద్దాయనా లోపలికి వచ్చేశారు. "పాలు వెచ్చబడతా ఉండాయంట! కంప్రెసర్లు ఎవరు ఆపింది?" అని మేనేజరు కేకేశాడు.

నేను నోరు తెరిచాను. బల్బప్ప ముందుకొచ్చి, "నేనే సార్. కొత్త గోడ కదా, ఆపితే సూపిస్తాదో లేదో అని," అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. ఆ మూసుకోవడం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పాలు విరగలేదు. నా ఉద్యోగం పర్మనెంటు అయింది. బల్బప్పను శిక్ష కింద కుప్పం దగ్గరి చిన్న పాల కేంద్రానికి మార్చారు. పుంగనూరు బస్టాండులో ఆయన పెట్టె పట్టుకుని, "మేనేజరుకు నిజం సెప్పేస్తానన్నా," అన్నాను.

"యాల?" అని ఆశ్చర్యపోయాడు. "ఆడ ఇంకా పాత బోర్డే ఉండాది. ఎర్రగా ఉంటే తిరగతాన్నట్టు. నువ్వు గమ్మునుండు, సెడగొట్టొద్దు." బస్సెక్కి కిటికీలోంచి హాయిగా చెయ్యి ఊపాడు.

ఆయన నన్ను కాపాడాడో, ఆ గోడ నుంచి తానే తప్పించుకున్నాడో ఎన్నేళ్ళు ఆలోచించినా నాకు తేలలేదు. ఇప్పుడు నాకూ అప్పటి ఆయన వయసు వచ్చింది. పోయిన నెల మా తెరల గోడ పాతబడిందని, అది తీసేసి తానే ఆలోచించుకునే కొత్త యంత్రమేదో పెడతామన్నారు. కొత్తగా చేరిన అమ్మాయి దాని గురించి గంటసేపు చెబితే తల ఊపాను. ఆ సాయంత్రం మేనేజరు గదిలోకి వెళ్ళి, కుప్పంలో ఖాళీ ఏమైనా ఉందా అని అడిగి వచ్చాను.