బాబాయి ఎడమ

మా బాబాయికి ఎడమా కుడీ తెలియవు. అలాగని ఏమీ రానివాడు అనుకునేరు. ఇరవై ఎనిమిదేళ్ళుగా రేడియో టెలిస్కోపు దగ్గర కేబుళ్ళు బిగిస్తున్న మనిషి. కళ్ళు మూసుకుని తీగ తడిమి, అది ఏ గదిలోంచి వస్తోందో చెప్పగలడు. ఎడమ ఏదో చూపించమంటే మాత్రం కుడి చూపిస్తాడు. చిన్నప్పుడు ఎడమచేత్తో రాస్తున్నాడని పంతులుగారు ఆ చేతిమీద కొట్టి, రెండోది పైకెత్తి, ఇదిరా నీ చెయ్యి అన్నారట. ఆ రోజు కలిసిపోయినవి మళ్ళీ విడిపోలేదు.

ఇంట్లో మేం దీనికి అలవాటు పడిపోయాం. స్కూటరు వెనక కూర్చుని ఆయన ఎడమకి అంటే పిన్ని కుడికి తిప్పుతుంది. ఎవరికీ నవ్వు కూడా రాదు. టెలిస్కోపు దగ్గరా ఇదే వరస. నాకు సొంత బాబాయి, అక్కడివాళ్ళందరికీ ఉమ్మడి బాబాయి. పనుల డైరీలో ఆయన ఎడమ అని రాస్తే చదివేవాళ్ళు కుడి అని చదువుకునేవాళ్ళు. దానికి పేరు కూడా ఉంది: బాబాయి ఎడమ. అదే ఆఫీసులో టైపిస్టుని కాబట్టి నేనూ ఎన్నోసార్లు దిద్ది టైపు చేశాను.

ఇక డాక్టరమ్మ సంగతి. ఆవిడ వైద్యం చేసే డాక్టరు కాదు, పల్సర్ల డాక్టరు. పల్సరంటే చచ్చిపోయిన నక్షత్రం. చచ్చినా ఊరుకోకుండా గిర్రున తిరుగుతూ, గడియారం కొట్టినంత కచ్చితంగా రేడియో తరంగాలు పంపుతుంది. ఆ తరంగం మనదాకా వచ్చేలోపు గెలాక్సీలో ఉన్న అయస్కాంత క్షేత్రం దాని ఊపుని కాస్త మెలితిప్పుతుంది. మెలి ఒకవైపుంటే క్షేత్రం మనవైపు వస్తున్నట్టు, రెండోవైపుంటే అవతలికి పోతున్నట్టు. ఇదంతా పట్టేది టెలిస్కోపు డిష్షు నెత్తిమీదున్న రెండు కేబుళ్ళు, ఎడమ ఒకటీ కుడి ఒకటీ. అవి తారుమారైతే రావడం పోవడం అయిపోతుంది. అంత గెలాక్సీ బతుకూ మా బాబాయి చేతిలో పెట్టిన మహానుభావుడెవరో నాకు తెలియదు.

ఏడేళ్ళ కిందట పిడుగు పడి పైన రిసీవరు మాడిపోయింది. కొత్తది బిగించే రోజున పిన్ని ఆయన మణికట్ల మీద మార్కరుతో 'ఎ' అనీ 'కు' అనీ రాసి పంపింది. ఆయన రెండ్రోజులు చేతులు సరిగా కడుక్కోలేదు. డైరీలో 'ఎడమది ఎడమకే బిగించాను' అని రాసి, కింద రెండు గీతలు గీశాడు. ఆ గీతలు చూసి అందరికీ అనుమానం ఇంకా గట్టిపడింది.

ఆనాటినుంచి డాక్టరమ్మ పల్సరు తరవాత పల్సరు కొలిచి, గెలాక్సీలో అయస్కాంత క్షేత్రం అందరూ అనుకున్నదానికి ఎదురుగా పోతోందని తేల్చింది. పెద్ద పేరొచ్చింది. ఈ ఏడు ఇంకో దేశం వాళ్ళు అవే పల్సర్లు కొలిచి, ఎదురూ లేదు ఏమీ లేదు, మీరే తలకిందులుగా చూస్తున్నారని రాశారు. ఇక్కడ ఎవరికీ రెండో ఆలోచన రాలేదు. అందరూ బాబాయి వైపు చూశారు.

ఆయన రిటైర్మెంటుకి పదకొండు రోజులుంది. విచారణకి ముగ్గురితో కమిటీ వేశారు. ఎడమంటే మనిషి ఎడమా, డిష్షు ఎడమా అన్నదాని మీద మొదటి రెండు సమావేశాలూ గడిచాయి. ఆకాశంకేసి వెల్లకిలా పడుకున్నదానికి ఎడమ ఎక్కడిదని అధ్యక్షుడి వాదన. పైకెక్కి చూస్తే పోతుంది కదా అన్నాడు బాబాయి. ఎక్కడానికి అనుమతివ్వాల్సింది భద్రతాధికారి. ఆయన కమిటీ సభ్యుడు. విచారణ ముగిసేదాకా సభ్యులెవరూ డిష్షు జోలికి పోకూడదని కమిటీయే రాసుకుంది. అందుకని చూడకుండానే తేల్చేసి, కేబుళ్ళు నేనే తారుమారు చేశానని బాబాయి సంతకం పెట్టేలా ఓ వాంగ్మూలం తయారు చేశారు.

బాబాయి పెట్టనన్నాడు. "ఇన్నేళ్ళలో లక్ష తప్పులు చేసుంటాను, అన్నిటికీ పెడతాను. ఈ ఒక్కదానికి మాత్రం పెట్టను. ఆ రోజు నేను సరిగ్గా బిగించాను."

ముగ్గురూ జాలిగా చూశారు. ఆ జాలి చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ తల వంచుకుని సమావేశం నోట్సు రాసుకుంటూ పోయాను.

ఓ పక్కన కూర్చున్న డాక్టరమ్మ ఏమనుకుందో ఏమో, లేచి, నేను కమిటీలో లేను కదా అని బాబాయిని వెంటబెట్టుకుని వెళ్ళింది. ఇద్దరూ నిచ్చెనెక్కారు. భద్రతాధికారి చూడనట్టు కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు. గంట తరవాత దిగొచ్చారు. ఆవిడ చీరకి గ్రీజు, మొహంలో నెత్తురుచుక్క లేదు.

కేబుళ్ళు సరిగ్గానే ఉన్నాయట. ఎడమది ఎడమకే. ఏడేళ్ళ కిందట డైరీ చదివిన పొద్దుటే, బాబాయి ఎడమ కదా అని, ఆవిడే తన లెక్కల ప్రోగ్రాములో ఒక మైనస్ గుర్తు పెట్టి మరిచిపోయింది. గెలాక్సీని తిప్పింది ఆ గుర్తే. ఆవిడ చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. బాబాయి సంతకంతో అంతా సర్దుకుపోయేది, ఆవిడ పేరూ నిలిచేది. అయినా అందరి ముందూ చెప్పింది, నా పేపరు వెనక్కి తీసుకుంటానంది. ఆవిడంటే నాకు గౌరవం కలిగింది ఆ రోజే.

"మీరు తప్పకుండా తప్పే చేసుంటారని నమ్మానండీ బాబాయిగారూ," అంది.

"మీకేం తెలుసమ్మా, మీరు పై ఊరి నుంచి వచ్చినవారు," అన్నాడు బాబాయి. ఆయన ఆవిడ వైపు చూడటం లేదు. నా బల్ల మీది వాంగ్మూలం తీసి చదువుతున్నాడు. పేరూ, తేదీ, తారుమారు చేశానన్న వాక్యం, అచ్చుతప్పు ఒక్కటి లేదు.

"ఇది నువ్వే టైపు చేశావా అమ్మడూ?"

అవునన్నాను.

"చేసేముందు నన్నొక్క మాట అడగాల్సింది," అన్నాడు.

ఆఫీసు ఒప్పుకోదని అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేకపోయాను. అడగాలని నాకు తోచనేలేదు.